ఏ గుమ్మంలోంచి వచ్చారు?

మొన్న మాఘమాసంలో గుంటూరులో మా పెద్దనాన్న మనవరాలి పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర న్యూజెర్సీ నుంచి వచ్చిన మా అన్నయ్య, పెద్దనాన్న కొడుకు, పక్కన కూర్చున్న కుర్రాళ్ళకి ఒక లెక్క చెబుతున్నాడు. అమెరికాలో అన్ని దేశాల సంతతివాళ్ళ ఆదాయాలూ వరసగా పెడితే మనవాళ్ళే పైన ఉంటారట, మనకి పోటీ వస్తే గిస్తే యూదులే రావాలట. "ఇదంతా రక్తంలో ఉంటుందిరా, మనకీ వాళ్ళకీ పుట్టుకతోనే వస్తుంది" అన్నాడు. కుర్రాళ్ళు తలలూపారు. వడ్డిస్తున్నవాళ్ళలో చేబ్రోలు వైపు నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలున్నారు, పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, వాళ్ళూ విన్నారు. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

పెళ్ళిలో వాదన ఎందుకని అప్పుడు ఊరుకున్నాను. కానీ నాలుగు నెలలుగా ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది, అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. అన్నయ్య చెప్పిన అంకెలు నిజమే. ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క ప్రకారం 2019లో అమెరికాలోని భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం, అంటే సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద ఉండే ఆదాయం, ఏడాదికి 1,19,000 డాలర్లు. అదే లెక్కలో దేశం మొత్తానికి అది 62,000 దగ్గర ఉంది. పాతికేళ్ళు నిండిన భారతీయుల్లో నూటికి 75 మందికి డిగ్రీ ఉంది, దేశం మొత్తం మీద ముగ్గురిలో ఒకరికే ఉంది. యూదుల సంగతీ అలాంటిదే. 2020లో అదే సంస్థ చేసిన సర్వేలో వాళ్ళలో 58 శాతం పట్టభద్రులు, ఏటా రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చే ఇళ్ళు నూటికి 23, మామూలు అమెరికన్లలో అది 4. ఈ అంకెలతో నాకు పేచీ లేదు. వాటి పక్కన "రక్తం" అని రాయడంతోనే పేచీ.

అన్నయ్య తెలివైనవాడు, ఒళ్ళు దాచుకోకుండా పనిచేసినవాడు. కానీ ఆయన పొన్నూరు నుంచి న్యూజెర్సీ దాకా ఎలా వెళ్ళాడో నేను దగ్గరుండి చూశాను. పెద్దనాన్నకి ఆరెకరాల మాగాణి, పెద్దమ్మ హైస్కూల్లో టీచరు, ఇంటికి ఇంగ్లీషు పేపరు వచ్చేది. ఎంసెట్ మొదటిసారి రాంక్ రాకపోతే ఇంకో ఏడాది కోచింగ్‌కి పంపారు. తర్వాత ఇంజనీరింగ్, జీఆర్ఈ, ఎకరం అమ్మి ఎమ్మెస్, ఆ తర్వాత హెచ్1బీ. పదో తరగతి దాకా ఆయన పక్కన కూర్చున్న కుర్రాడు లెక్కల్లో ఆయనకంటే గట్టివాడు, ఈ మాట అన్నయ్యే చాలాసార్లు అన్నాడు. వాళ్ళ నాన్న మా పెద్దనాన్న దగ్గర పాలేరు. పదో తరగతి అవగానే ఆ కుర్రాడు లారీ క్లీనరుగా వెళ్ళిపోయాడు. ఇద్దరూ ఒకే చెరువు నీళ్ళు తాగి పెరిగారు, అమెరికా లెక్కల్లోకి మాత్రం ఒక్కడే ఎక్కాడు.

సంజయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్నే మూడు వడపోతలుగా వివరించారు. మొదటిది మన సమాజమే చేస్తుంది, కులం, ఆస్తి చూసి ఎవరు కాలేజీ దాకా వెళ్ళాలో తేలుస్తుంది. రెండోది మన ప్రవేశ పరీక్షలు. మూడోది అమెరికా వీసా, డిగ్రీ ఉన్నవాళ్ళనే ఎక్కువగా తీసుకుంటుంది. మూడు జల్లెడలు పట్టాక మిగిలిన గింజల్ని చూసి ఈ పంట అంతా ఇలాగే ఉంటుంది అనడం ఎలా కుదురుతుంది?

జల్లెడ లేని రోజులు కూడా ఉన్నాయి. వందేళ్ళ కిందట పంజాబు నుంచి కొన్ని వేల మంది రైతులు, మాజీ సిపాయిలు కాలిఫోర్నియా పొలాల్లోకి, వాషింగ్టన్ రాష్ట్రంలో కలప మిల్లుల్లోకి పనికి వెళ్ళారు. 1907లో బెల్లింగ్‌హామ్‌లో వాళ్ళని కొట్టి ఊరి నుంచి తరిమేశారు. వలసల మీద అమెరికా ప్రభుత్వం వేసిన డిల్లింగ్‌హామ్ కమిషన్ 1911లో, పసిఫిక్ తీరంలో ఇప్పటిదాకా అడుగుపెట్టిన వలసజాతులన్నిటిలోకీ భారతీయులనే అందరూ పనికిమాలినవాళ్ళుగా చూస్తున్నారని రాసింది. 1923లో భగత్ సింగ్ తిండ్ కేసులో సుప్రీంకోర్టు మనవాళ్ళు పౌరసత్వానికి అర్హులు కాదంది. 1965లో వలస చట్టం మారింది. అప్పుడు ఇంకో గుమ్మం తెరుచుకుంది, అందులోంచి డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. యాభై అరవై ఏళ్ళలో మన రక్తం మారిపోయిందా?

కోస్తా జిల్లాలవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కోరంగి రేవు పేరు మీద రంగూన్‌లో తెలుగు కూలీలందర్నీ కొరంగీలు అనేవాళ్ళు. 1930లో అక్కడి రేవులో జరిగిన అల్లర్లలో చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. ఆ గుమ్మంలోంచి వెళ్ళినవాళ్ళని చూసి తెలుగువాళ్ళకి తెలివి పుట్టుకతో వస్తుందని ఎవరూ అనలేదు.

సరే, ఇప్పుడు యూదుల సంగతి. మావాళ్ళెవరికీ తెలియని భాగం ఇది, అందుకని కాస్త ఎక్కువసేపు చెబుతాను.

అన్నయ్య చెప్పిన రెండు రక్తాలూ ఒకే ఒంట్లో ఉన్నవాళ్ళు ఇజ్రాయెల్‌లో ఉన్నారు. భారతీయ యూదులు, సుమారు 85,000 మంది. ఎక్కువమంది బెనె ఇజ్రాయెల్, అంటే కొంకణ తీరంలో తరతరాలుగా నూనె గానుగలు ఆడించినవాళ్ళు. శనివారం పని మానేస్తారని ఊళ్ళో వాళ్ళని శనివారం తేలీలు అనేవాళ్ళు. తర్వాత బొంబాయికి చేరి గుమస్తాలుగా, రైల్వేల్లో, మిల్లుల్లో కుదురుకున్నారు. పుట్టుకే అన్నీ ఇచ్చేదైతే వీళ్ళు అందరికంటే పైన ఉండాలి కదా. ఇజ్రాయెల్‌లో ఆదాయాల వరసలో వాళ్ళు పైన లేరు. చాలామందిని నెగెవ్ ఎడారి అంచున బేర్‌షెబాకి, దిమోనాకి పంపారు, బట్టల మిల్లుల్లో, కార్ఖానాల్లో పని చూపించారు. దిమోనాని ఇప్పటికీ చిన్న ఇండియా అంటారు. 1951లోనే కొందరు బేర్‌షెబాలో, మమ్మల్ని రంగు చూసి తక్కువ చేస్తున్నారు, తిరిగి పంపించేయండి అని కూర్చుని నిరసన చేశారు, మరుసటి ఏడు కొందర్ని నిజంగానే బొంబాయి పంపించారు కూడా. 1962లో అక్కడి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, వీళ్ళ పెళ్ళిళ్ళకి వంశం విచారించాలన్నారు. రెండేళ్ళ పోరాటం తర్వాత 1964లో పార్లమెంటు, వీళ్ళు అన్నివిధాలా యూదులే అని ప్రకటించాల్సి వచ్చింది. కొచ్చిన్ నుంచి వెళ్ళినవాళ్ళని మోషావ్ అనే సహకార పల్లెల్లో పెట్టారు. వాళ్ళలో నెవాటిమ్ పల్లెవాళ్ళు ఎడారిలో పూలు పెంచి యూరప్‌కి ఎగుమతి చేసే స్థాయికి వచ్చారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

భారతీయ యూదులు చిన్న సమూహం. కథ మొత్తం చూడాలంటే అరబ్బు దేశాల యూదుల దగ్గరికి వెళ్ళాలి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు అక్కడ ఆరున్నర లక్షల యూదులుండేవాళ్ళు. మూడున్నరేళ్ళలో ఇంకో ఏడు లక్షలమంది వచ్చిపడ్డారు. యెమెన్ నుంచి విమానాల్లో దాదాపు 49,000, ఇరాక్ నుంచి 1,20,000 పైన. ఇళ్ళెక్కడివి? మాబరా అనే డేరాల శిబిరాలు వేశారు. మొదట్లో యూరప్‌వాళ్ళూ వాటిలో ఉన్నారు కానీ వాళ్ళు తొందరగా బయటపడ్డారు, మిగిలిపోయినవాళ్ళు ఎక్కువగా మిజ్రాహీలు, అంటే అరబ్బు, ముస్లిం దేశాల నుంచి వచ్చినవాళ్ళు.

ఈ డేరాల గురించి నాకు లెక్కలకంటే ముందు మా వదిన ద్వారా తెలిసింది. మా ఆవిడ వాళ్ళది ఆర్మూరు దగ్గర. వాళ్ళ అక్క ఇజ్రాయెల్‌లో రమత్ గన్‌లో ఒక ముసలావిడని చూసుకునే పనిలో ఉంది. ఆ ఊరినిండా ఇరాక్ యూదులే. వదిన ఆ పెద్దావిడని సవ్తా అంటుంది, హీబ్రూలో నాయనమ్మ అని. సవ్తా తొమ్మిదేళ్ళ వయసులో 1951లో బాగ్దాద్ నుంచి వచ్చిందట. వాళ్ళ నాన్న బ్యాంకులో గుమస్తా, ఇంగ్లీషు, అరబ్బీ రెండూ ముత్యాల్లా రాసేవాడట. 1950లో ఇరాక్, వెళ్ళాలనుకునే యూదులు పౌరసత్వం వదులుకోవాలంది, 1951లో వాళ్ళ ఆస్తులన్నీ స్తంభింపజేసింది. విమానం దిగగానే ఒంటిమీద డీడీటీ కొట్టారు, డేరాలో పడేశారు, వానలకి మంచం కింద బురద. నాన్న రోడ్డు పనికి వెళ్ళాడు, కూతురు ఎనిమిదో తరగతితో ఆపేసి కుట్టుమిషను దగ్గర కూర్చుంది. ఆయన తమ్ముడు మాత్రం అంతకు నాలుగేళ్ళ ముందే లండన్ వెళ్ళాడు, వాళ్ళ పిల్లల్లో ఇద్దరు డాక్టర్లయ్యారు. సవ్తా ఇది కోపంగా చెప్పదట, అలవాటైన సంగతిలా చెబుతుందట. వినేటప్పుడు వదినకే ఏడుపొచ్చిందట.

ఒక్క ఇంటి కథతో ఏం తేలుతుంది అంటారు కదా. మికాయెల్ ఇన్‌బార్, ఖయీమ్ అడ్లర్ అనే ఇద్దరు ఇజ్రాయెలీ పరిశోధకులు 1970లలో సరిగ్గా దీన్నే పరీక్షించారు. మొరాకో నుంచి బయల్దేరిన యూదు అన్నదమ్ములు, ఒకరు ఫ్రాన్సుకి, ఒకరు ఇజ్రాయెల్‌కి వెళ్ళినవాళ్ళు. అలాంటి జతల్ని వెతికి పోల్చారు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే మతం, ఒకే పెంపకం. ఫ్రాన్సులో స్థిరపడినవాళ్ళు చదువులోనూ ఉద్యోగాల్లోనూ ముందుకు వెళ్ళారు, ఇజ్రాయెల్‌కి వెళ్ళినవాళ్ళు వెనకబడ్డారు. రక్తం వాదనకి, పెంపకం వాదనకి కూడా, ఇంతకంటే గట్టి జవాబు నాకు కనబడలేదు.

ఎందుకలా జరిగింది అంటే కారణాలు దాచినవేం కాదు. 1951 నవంబరులో ఇజ్రాయెల్ వలసకి షరతులు పెట్టింది, వచ్చేవాళ్ళలో నూటికి 80 మంది ముప్పై అయిదేళ్ళలోపు, కాయకష్టం చేయగలిగినవాళ్ళు అయ్యుండాలని. ఆచరణలో అది ఎక్కువగా ఉత్తర ఆఫ్రికావాళ్ళ మీదే పడింది. అమెరికా మన దగ్గర డిగ్రీలు ఏరుకున్నట్టే ఇక్కడ భుజబలం ఏరుకున్నారు. మొరాకో యూదుల్లో చదువూ డబ్బూ ఉన్నవాళ్ళు చాలామంది ఫ్రాన్సుకో మాంట్రియల్‌కో వెళ్ళారు. తర్వాత 1954 నుంచి ఓడ దిగినవాళ్ళని రేవు నుంచే నేరుగా సరిహద్దు పల్లెలకి, ఎడారి ఊళ్ళకి లారీలెక్కించే పద్ధతి పెట్టారు. దిమోనా, యెరుహామ్, కిర్యత్ ష్మోనా, స్దెరోత్, ఇవన్నీ అలా నిండిన ఊళ్ళే. కొత్త దేశానికి సరిహద్దుల్లో మనుషులు కావాలి, నిజమే. కానీ ఆ ఊళ్ళలో ఒకటో రెండో ఫ్యాక్టరీలు తప్ప పని లేదు, బడులు అంతంతమాత్రం, పిల్లల్ని యూనివర్సిటీకి పోయే చదువులోంచి తప్పించి చేతిపనుల బడుల్లోకి మళ్ళించారు. పైగా 1952 ఒప్పందం తర్వాత జర్మనీ నుంచి హిట్లర్ బాధితులకి వచ్చిన వ్యక్తిగత పరిహారం సహజంగా యూరప్ నుంచి వచ్చిన ఇళ్ళకే చేరింది. ఆ డబ్బు వాళ్ళకి న్యాయంగా రావాల్సిందే, ఒక్క పైసా కూడా ఎక్కువ కాదు. కానీ ఒక వీధిలో ఫ్లాటు కొనడానికి చేతిలో డబ్బు ఉండటం, పక్క వీధిలో లేకపోవడం తర్వాతి తరాన్ని విడదీస్తుంది.

1959లో హైఫాలోని వాదీ సలీబ్‌లో, 1971లో జెరూసలేంలోని ముస్రారాలో మొరాకో కుర్రాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 1977లో మిజ్రాహీల ఓట్లతోనే లికుడ్ పార్టీ నాయకుడు బెగిన్ గెలిచి, మొదటినుంచీ ఏలిన లేబర్ పార్టీని దించాడు. అయినా యినోన్ కోహెన్, యిట్ఖాక్ హాబెర్‌ఫెల్డ్ అనే పరిశోధకులు లెక్కకట్టి చూస్తే, అక్కడే పుట్టిన రెండో తరంలో కూడా 1975 నుంచి 1990ల మొదటి సగం దాకా యూరప్ యూదులకీ మిజ్రాహీలకీ మధ్య జీతాల తేడా తగ్గలేదు, పెరిగింది. 1990లలో కొత్త కాలేజీలు తెరిచాక, మిశ్రమ వివాహాలు పెరిగాక పరిస్థితి మారుతోంది. గుమ్మం పెంచితే మనుషులు లోపలికి వస్తారు, అంతే కదా.

ఇదే దేశానికి 1990 తర్వాత సోవియట్ యూనియన్ నుంచి దాదాపు పది లక్షలమంది వచ్చారు, ఇంజనీర్లు, డాక్టర్లు, సంగీతం మాస్టార్లు. మొదట్లో వీధులూడ్చారు, తర్వాత పైకొచ్చారు. వాళ్ళలో చాలామంది అసలు ఇజ్రాయెల్‌కే వచ్చేవాళ్ళు కాదు. 1989 దాకా ఇజ్రాయెల్ వీసాతో వియన్నా చేరి అక్కడి నుంచి అమెరికాకి మళ్ళిపోయేవాళ్ళు. ఆ ఏడాది చివర అమెరికా ఆ దారి మూసేసింది. ఒక తలుపు మూసినందుకు ఇంకో దేశపు సగటు చదువు పెరిగింది.

ఇథియోపియా పిల్లల సంగతి మరీ స్పష్టం. 1991 మే నెలలో 36 గంటల్లో 14,000 మందికి పైగా ఇథియోపియా యూదుల్ని విమానాల్లో ఇజ్రాయెల్‌కి తెచ్చారు. ఏ కుటుంబం ఏ ఊరి శిబిరానికి వెళ్తుందో అప్పటికప్పుడు ఖాళీని బట్టి తేలింది, ఎవరూ ఎంచుకోలేదు. ఎరిక్ గూల్డ్, విక్టర్ లావీ, డానియెలే పాసెర్మన్ అనే ఆర్థికవేత్తలు ఆ పిల్లల్ని హైస్కూలు దాకా గమనించారు. చిన్నప్పుడు మంచి బడి దగ్గర దిగినవాళ్ళు తక్కువమంది చదువు మానేశారు, ఎక్కువమంది ముందుకెళ్ళారు. ఆ ఆర్థికవేత్తలే యెమెన్ నుంచి వచ్చిన పిల్లల్ని అరవై ఏళ్ళ తర్వాత చూశారు. చిన్నప్పుడు కొళాయి నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్డి ఉన్న చోట పెరిగిన ఆడపిల్లల జీవితాలు మిగతావాళ్ళకంటే వేరేగా నడిచాయి. కొళాయి నీళ్ళు!

అన్నయ్య తరఫున ఒక ప్రశ్న నేనే వేసుకుంటాను, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. 1900 ప్రాంతంలో న్యూయార్క్ వచ్చిన యూదులు వీసా జల్లెడలోంచి రాలేదు, పేదవాళ్ళే. 1911లో ట్రయాంగిల్ షర్టుల ఫ్యాక్టరీలో మంటల్లో పోయిన 146 మందిలో ఎక్కువమంది యూదు, ఇటలీ అమ్మాయిలే. మరి వాళ్ళెలా పైకొచ్చారు? చదువు మీద గౌరవం ఉంది, కాదనను. కానీ వాళ్ళకి అక్షరం వచ్చు, కుట్టుపని వచ్చు, దిగింది బట్టల పరిశ్రమ ఉన్న నగరంలో. వెనక్కి వెళ్ళే ఊరు లేదు. ఊళ్ళోనే ఫీజు లేని సిటీ కాలేజీ ఉంది. హార్వర్డ్ లాంటి చోట్ల 1920లలో వాళ్ళని అడ్డుకుంటే ఈ కాలేజీ ఆదుకుంది. ఇటలీ రైతులకి ఇవేవీ లేవు, చాలామంది డబ్బు కూడబెట్టుకుని వెనక్కి పోయారు, ఉన్నవాళ్ళకి ఒక తరం ఆలస్యమైంది. కానీ వాళ్ళ మనవలు ఈరోజు ఎవరికీ తీసిపోరు. రాన్ అబ్రమిట్స్కీ, లియా బూస్టన్ అనే ఆర్థికవేత్తలు వందేళ్ళ జనాభా లెక్కలు కలిపి చూసి చెప్పింది కూడా ఇదే. దాదాపు ఏ దేశం నుంచి వచ్చిన పేదవాళ్ళ పిల్లలైనా అక్కడి పేదింటి పిల్లలకంటే పైకి వెళ్తారు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే, దానికి ఒక ముఖ్య కారణం తల్లిదండ్రులు పని ఉన్న ఊరు చూసుకుని దిగడం. ఎక్కడ దిగాలో తామే ఎంచుకునే వీలు దిమోనాకి లారీ ఎక్కించినవాళ్ళకి లేదు.

లెక్కపెట్టే తీరులో కూడా తిరకాసు ఉంది. అమెరికా సెన్సస్‌లో ఇజ్రాయెలీ సంతతి అనేది ఉంది కానీ యూదులు అనే గడి లేదు, మతం అడగరు. ఎవరి సంతతి వాళ్ళే చెప్పుకోవాలి, బాగుపడి బయటి పెళ్ళిళ్ళు చేసుకున్న మెక్సికన్ల పిల్లలు చాలామంది ఆ పేరే చెప్పుకోరు, దాంతో ఆ సమూహం ఉన్నదానికంటే వెనకబడినట్టు కనిపిస్తుంది. ఇజ్రాయెల్‌లోనేమో చాలాకాలం తండ్రి పుట్టిన దేశం బట్టి రాశారు, తండ్రి అక్కడే పుడితే ఇజ్రాయెల్ అనేశారు. మూడో తరం మిజ్రాహీ పిల్లలు లెక్కల్లోంచి మాయమయ్యారు.

ఇంకొక్క మాట. ఇజ్రాయెల్ పౌరుల్లో అయిదో వంతు అరబ్బులు, వలస రాలేదు, అక్కడివాళ్ళే, 1966 దాకా సైనిక పాలనలో ఉన్నారు. వాళ్ళలో క్రైస్తవుల పిల్లలు హైస్కూలు ముగింపు పరీక్షలో యూదు పిల్లల కంటే మెరుగ్గా పాసవుతున్నారు. నజరేతులో, హైఫాలో మిషనరీ బడులు ఎప్పట్నుంచో ఉన్నాయి. నెగెవ్‌లో కరెంటు కూడా లేని పల్లెల్లో ఉన్న బెదూయిన్లు అనే ఎడారి తెగల పిల్లలు అట్టడుగున ఉన్నారు. ఇద్దరూ మాట్లాడేది ఒకే అరబ్బీ.

చేబ్రోలు ఊరికే అనలేదు. నేను గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో మా బస్సు అటే వెళ్ళేది. పక్కనే కొత్తరెడ్డిపాలెంలో, బైబిల్లో చెప్పిన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకునే కొన్ని కుటుంబాలున్నాయి, మాదిగ కులంలో పుట్టినవాళ్ళు, 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు, చిన్న ప్రార్థనాలయం కట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకుంటున్నారు. మణిపూర్, మిజోరంలలో అలాంటి ఇంకో గోత్రమైన మనష్షే సంతతి అని చెప్పుకునేవాళ్ళని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించాడు, వేలమంది వెళ్ళారు. వీళ్ళకి ఆ తలుపు తెరవలేదు. వాళ్ళ వంశం సంగతి తేల్చేవాణ్ణి నేను కాదు. కానీ కూలికి పోతూ, ఒక్క తలుపు కోసం ఇన్నేళ్ళు అక్షరాలు దిద్దుతున్నవాళ్ళు మన పక్క ఊళ్ళోనే ఉంటే, విజయం రక్తంలో ఉంటుందని గుంటూరు పెళ్ళి పందిట్లో చెప్పడం నాకు బాధగా ఉంది.

వదినకి ఇజ్రాయెల్‌లో పర్మిట్ మామూలుగా అయిదేళ్ళ మూడు నెలలు. ఆ తర్వాత వచ్చేయాలి, అక్కడ స్థిరపడే వీల్లేదు, ఇజ్రాయెల్‌లో భారత సంతతి అనే లెక్కలోకి ఆవిడ ఎప్పటికీ రాదు. ఆ జీతంతోనే పెద్దమ్మాయిని హైదరాబాద్‌లో బీటెక్ చదివించింది. పోయిన వారం ఆ పిల్లకి డల్లాస్ దగ్గర ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటు వచ్చింది. వీసా ఇంటర్వ్యూకి తల్లి ఆదాయం కాగితాలు కావాలంటే, సవ్తా కొడుకు దగ్గర కూర్చుని హీబ్రూ జీతం స్లిప్పులన్నీ ఇంగ్లీషులో రాయించుకుని వదిన నాకు వాట్సాప్‌లో పంపింది. నిన్న రాత్రి అవి ప్రింట్ తీసి, నెలల వారీగా సర్ది, ఫైల్లో పెట్టాను.